విత్తన షాపుకి వారెంటు లేకుండా తనిఖీకి రావచ్చా? స్టాక్ ఆపితే ఎన్ని రోజులు ఆపగలరు?

నమస్తే అండి. మీరు రాసింది పూర్తిగా చదివాను. మండల కేంద్రంలో మీ విత్తనాల షాపు. వానాకాలం అమ్మకాలు ఊపందుకున్న సమయంలో ఏఓ (మండల వ్యవసాయ అధికారి) గారు, ఎస్సై గారు కలిసి టాస్క్‌ఫోర్స్ అంటూ వచ్చారు. వారెంటు ఏమీ చూపించలేదు. గోదాం తెరిపించి వరి, మిర్చి శాంపిళ్లు తీశారు, వరి బస్తాలు అమ్మొద్దని నోటిమాటగా చెప్పారు, స్టాక్ రిజిస్టరు, బిల్లు బుక్కులు పట్టుకెళ్లారు, పోతూ పోతూ తెల్లకాగితం మీద మీ సంతకం తీసుకున్నారు. ఇదంతా చేసే అధికారం వాళ్లకు ఉందా, స్టాక్ ఎన్నాళ్లు ఆపగలరు, లైసెన్స్ పోతుందా అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. రావడానికి వారెంటు అక్కర్లేదు. శాంపిల్ తీయొచ్చు, స్టాక్ ఆపొచ్చు, రిజిస్టర్లు తీసుకెళ్లొచ్చు. కానీ స్టాక్ ఆపడానికి రాతపూర్వక ఆర్డర్ ఉండాలి, అది 30 రోజులకు మించకూడదు. రిజిస్టర్లు తీసుకెళ్తే రసీదు ఇవ్వాలి. తెల్లకాగితం మీద సంతకం పెట్టాలని ఏ చట్టంలోనూ లేదు. అంటే వాళ్లు రావడం తప్పు కాదు. మీరు చెప్పింది చెప్పినట్టే జరిగితే, పని చేసిన తీరులో మాత్రం చాలా లోపాలున్నాయి.

నేను వ్యవసాయ శాఖలో ఏఓగా చేరి ఏడీఏగా (వ్యవసాయ సహాయ సంచాలకుడిగా, అంటే ఏఓల పై అధికారిగా) రిటైరయ్యాను. సీడ్ ఇన్‌స్పెక్టర్‌గా శాంపిళ్లు తీశాను, స్టాప్ సేల్ ఆర్డర్లు, అంటే అమ్మకం ఆపమనే ఆర్డర్లు ఇచ్చాను, కోర్టులో సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు డీలర్లూ అడుగుతుంటారు, రైతులూ అడుగుతుంటారు. ఇద్దరికీ ఒకటే చెబుతాను: ఈ అధికారాలు చాలా పెద్దవి, కానీ ప్రతిదానికీ ఒక కాగితం ఉంది. ఆ కాగితం లేకపోతే నిజాయితీగా వ్యాపారం చేసే డీలరుకి రక్షణ ఉండదు, నకిలీ విత్తనం అమ్మినవాడు మాత్రం కోర్టులో హాయిగా బయటపడతాడు.

ముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మీ షాపు మీద ఒకేసారి రెండు చట్టాలు పనిచేస్తాయి. ఒకటి 1966 విత్తన చట్టం, దాని కింద 1968 నియమాలు. రెండోది నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చిన 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు. మీ లైసెన్స్ వచ్చింది ఈ రెండోదాని కిందే. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 1966 చట్టంలో శాంపిల్, స్టాప్ సేల్ అధికారాలు నోటిఫై అయిన, అంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన రకాలకే. ప్రైవేటు కంపెనీల మిర్చి హైబ్రిడ్లు చాలావరకు ఆ చట్టం కింద నోటిఫై అయినవి కావు. అలాంటివాటి మీద చర్య తీసుకునేటప్పుడు ఇన్‌స్పెక్టర్ నియంత్రణ ఉత్తర్వులోని 13వ క్లాజు మీద ఆధారపడాలి. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "సార్, ఏ చట్టం, ఏ సెక్షన్ కింద?" అన్నదే. మర్యాదగా అడగండి. తన పని తెలిసిన అధికారి ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.

(పత్తి సంగతి ఇంకాస్త చిక్కు. 2006 సవరణతో పత్తి విత్తనం నిత్యావసరాల జాబితాలోంచి తప్పిపోయింది, 2009లో మళ్లీ చేర్చారు. ఆ మధ్యలోనే, 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తనాల సరఫరా, ధరల మీద సొంత చట్టం తెచ్చుకుంది. గడ్డిమందును తట్టుకునే అనుమతి లేని పత్తి, ఊళ్లలో బీజీ-3 అంటున్నది దొరికితే పర్యావరణ పరిరక్షణ చట్టం కూడా తోడవుతుంది. మీ దగ్గర పత్తి శాంపిల్ తీయలేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.)

ఇన్‌స్పెక్టర్ ఎవరు? ప్రభుత్వం గెజిట్‌లో సీడ్ ఇన్‌స్పెక్టర్‌గా నోటిఫై చేసిన అధికారి మాత్రమే. మన దగ్గర సాధారణంగా ఏఓ, ఆపై అధికారులు ఉంటారు. ఎస్సై గారు తోడు రావొచ్చు, ఎందుకంటే ఇన్‌స్పెక్టర్ తనకు అవసరమనుకున్న సాయం తీసుకోవచ్చని 1966 చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. కానీ విత్తన చట్టం కింద శాంపిల్ తీసి సీలు వేయాల్సింది ఇన్‌స్పెక్టరే. పోలీసులు మోసం కేసు, నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెట్టగలరు, అది వాళ్ల అధికారం. శాంపిల్ సంచిని పోలీసు కట్టి, ఏఓ గారు తర్వాత ఆఫీసులో సంతకం పెడితే మాత్రం ఆ కేసు నిలబడటం కష్టం.

లోపలికి రావడం గురించి. 14వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందనో జరుగుతోందనో నమ్మడానికి కారణం ఉంటే, సహేతుకమైన వేళల్లో ఎక్కడికైనా వెళ్లి సోదా చేయొచ్చు. తలుపు పగలగొట్టే అధికారం కూడా ఉంది, కాకపోతే యజమాని అక్కడే ఉండి, తెరవమని అడిగినా తెరవనప్పుడే. కాబట్టి తాళం తీయనని మొండికేయకండి. శాంపిల్ తీయనివ్వకపోవడం, ఇన్‌స్పెక్టర్ పనికి అడ్డుపడటం 19వ సెక్షన్ కింద విడిగా నేరం. విత్తనంలో ఏ లోపం లేకపోయినా, అడ్డుపడిన ఒక్క కారణానికి కేసులో ఇరుక్కున్న డీలర్లు నాకు తెలుసు. మీరు గోదాం తెరిచి మంచి పని చేశారు.

ఇక శాంపిల్. కేసులు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

శాంపిల్ తీయబోతున్నానని అక్కడికక్కడే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వీలైనంతవరకు ఇద్దరు సాక్షులను పిలిచి, వాళ్ల ముందు తీసి, మెమొరాండం (శాంపిల్ తీసిన వివరాల కాగితం) మీద వాళ్ల సంతకాలు తీసుకోవాలి. మామూలుగా మూడు శాంపిళ్లు తీసి మూడింటికీ సీలు వేయాలి. ఒకటి మీకు ఇవ్వాలి, ఒకటి సీడ్ అనలిస్టుకు (ల్యాబులో విత్తనం పరీక్షించే అధికారికి) పంపాలి, మూడోది కోర్టు కోసం, కేంద్ర ప్రయోగశాల కోసం ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉండాలి. మీరు అడిగితే శాంపిల్ ఖరీదు మార్కెట్ ధర ప్రకారం చెల్లించాలని కూడా చట్టంలో ఉంది. ఇది చాలామంది డీలర్లకు తెలియదు. తెలిసినా మొహమాటంతో అడగరు. ఖరీదు అడగకపోయినా పర్వాలేదు, మీ వంతు శాంపిల్ మాత్రం అడిగి తీసుకోండి. కొందరు భయపడి "నాకొద్దు సార్" అంటారు. మీ తరఫు సాక్ష్యాన్ని మీరే వదులుకున్నట్టు అవుతుంది. తీసుకున్నాక సీలు విప్పకండి, ఎండ, తేమ తగలని చోట పెట్టండి.

నేను పనిచేసిన ఒక డివిజన్‌లో మిర్చి విత్తనం కేసు ఒకటి ఇలాగే పోయింది. విత్తనం నిజంగా నాసిరకం, మొలక బాగా తక్కువ వచ్చింది, రైతులు నారుమళ్లు రెండోసారి పోసుకున్నారు. శాంపిల్ తీసిన అధికారి సాక్షులుగా రాసుకున్న ఇద్దరూ తన ఆఫీసు సిబ్బందే. డీలరుకి శాంపిల్ ఇచ్చినట్టు రసీదు లేదు. మూడో శాంపిల్ సంచి మీద సీలు చెదిరిపోయి ఉంది. కోర్టులో ఒక్క వాయిదాలో తేలిపోయింది. ఆ రైతుల ముఖాలు చూడటం ఎంత కష్టమైందో చెప్పలేను. అప్పటినుంచి కొత్తగా వచ్చిన ఏఓలకు నేను ముందు చెప్పేది లక్కా సీలూ సరిగా వేయడం గురించే.

అనలిస్టు రిపోర్టు శాంపిల్ అందిన 30 రోజుల్లోపు ఇవ్వాలని 1968 నియమాలు, 60 రోజుల్లోపు అని నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నాయి. ఇంత టైము ఎందుకంటే మొలక పరీక్షే వరికి, మిర్చికి 14 రోజులు పడుతుంది, 400 గింజలు లెక్కపెట్టి మొలకెత్తించి చూస్తారు. వరికి కనీసం 80 శాతం మొలక రావాలి, మిర్చికి 60. భౌతిక స్వచ్ఛత, తేమ విడిగా చూస్తారు. జన్యు స్వచ్ఛత, అంటే అది చెప్పిన రకమేనా అన్నది తేలాలంటే పొలంలో పెంచి చూడాల్సిందే, దానికి సీజన్ అంతా పడుతుంది.

రిపోర్టు మీకు వ్యతిరేకంగా వచ్చినా అంతటితో అయిపోలేదు. కోర్టులో ప్రాసిక్యూషన్ మొదలయ్యాక మీరు ఫీజు కట్టి శాంపిల్‌ను కేంద్ర విత్తన పరీక్షా ప్రయోగశాలకు పంపమని అడగొచ్చు. అది వారణాసిలో ఉంది. వాళ్ల రిపోర్టు వస్తే కింది అనలిస్టు రిపోర్టు చెల్లదు, పైదే ఖరారు. ఇక్కడ అధికారులకు ఒక హెచ్చరిక. విత్తనం గడువు మామూలుగా పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలే. కేసు ఆలస్యంగా పెట్టి, సమన్లు అందేసరికి ఆ గడువు దాటిపోతే "మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు నాకు లేకుండా పోయింది" అని నిందితుడు హైకోర్టుకు వెళ్తాడు, ఆ కారణంతోనే కొట్టేసిన కేసులు ఉన్నాయి. పైగా మొదటి నేరానికి జరిమానా మాత్రమే శిక్ష కాబట్టి కేసు పెట్టడానికి కాలపరిమితి ఆరు నెలలే.

స్టాప్ సేల్. మీ వరి బస్తాల విషయం ఇదే. "అమ్మకండి" అని నోటితో చెబితే అది ఆర్డర్ కాదు. రాతపూర్వకంగా, ఏ రకం, ఏ లాట్ (ఒకే నంబరు వేసిన బ్యాచ్), ఎన్ని బస్తాలు, ఎన్ని రోజులు అని రాసి ఇవ్వాలి. గరిష్ఠంగా 30 రోజులు. మీరు సరిచేయగలిగిన లోపమైతే, ఉదాహరణకి లేబుల్ మీద ఒక వివరం లేకపోవడం, స్టాప్ సేల్‌తో ఆగాలి, ఆ కారణానికి స్టాక్ జప్తు చేయకూడదు. మీరు లోపం సరిచేశాక ఇన్‌స్పెక్టర్ తృప్తి చెందితే వెంటనే ఆర్డర్ ఎత్తేయాలి. విత్తనం బాగుందని తేలినా అంతే. చట్టం ఇక్కడ తొందరగా తేల్చమని ఇన్‌స్పెక్టర్‌నే ఆదేశిస్తోంది, ఎందుకంటే ఆపిన వరి విత్తనాన్ని నాట్లు దాటాక వదిలిపెడితే అది విత్తనం కాదు, ధాన్యం.

నేనిచ్చిన ఆర్డర్లలో ఎక్కువ ఇలాంటివే. ఒకసారి ఒక షాపులో వరి సంచులకు ట్యాగు ఉంది, పరీక్ష తేదీ లేదు. డీలరు కంపెనీకి ఫోన్ చేసి లాట్ వివరాలు, పరీక్ష రిపోర్టు తెప్పించాడు, కంపెనీ మనిషి వచ్చి కొత్త ట్యాగులు కట్టాడు, నేను చూసి ఆర్డర్ ఎత్తేశాను. నాట్ల టైము దాటకముందే అమ్ముకున్నాడు.

మీరు మాత్రం నోటిమాటే కదా అని ఆ బస్తాలు అమ్మేయకండి. చట్టప్రకారం అది బలహీనమైన ఆర్డరే అయినా, ఆ లాట్ నిజంగా నాసిరకమని తేలితే తెలిసి తెలిసి రైతులకు అంటగట్టినవారు అవుతారు. నా దృష్టిలో అది మీ లైసెన్స్ కంటే పెద్ద విషయం. రాతపూర్వక ఆర్డర్ ఇవ్వండి, లేదా అమ్ముకోవచ్చని రాసివ్వండి అని ఏఓ గారికి ఉత్తరం పెట్టండి.

స్టాక్ జప్తు చేసినా, రికార్డులు తీసుకెళ్లినా మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. నిత్యావసర వస్తువుల చట్టం కింద జప్తు అయితే కలెక్టర్ గారికి రిపోర్టు వెళ్తుంది, ఆ స్టాక్‌ను పూర్తిగా ప్రభుత్వపరం చేసే ముందు మీకు షోకాజ్ నోటీసు ఇచ్చి మీ మాట వినాలి. రిజిస్టర్లు, బిల్లు బుక్కులకైతే రసీదు తప్పనిసరి, కాపీలు తీసుకున్నాక అసలు మీకు తిరిగివ్వాలి. మీరు నెలనెలా వ్యాపార వివరాలతో ఫారం డి రిటర్న్ పెట్టాలి కదా, రిజిస్టరు లేకుండా అది ఎలా పెడతారు? ఏఓ గారికి రాసే ఉత్తరంలో ఇదే కారణం రాయండి, బలంగా ఉంటుంది.

తెల్లకాగితం సంతకం నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది. దాని మీద తర్వాత ఏం రాస్తారో మీకు తెలియదు. ఆ రోజు ఏం జరిగిందో, తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారని, ఎవరెవరు ఉన్నారో, ఏ లాట్ శాంపిల్ తీశారో రాసి ఏడీఏ గారికి, జిల్లా వ్యవసాయ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో వెంటనే పంపండి. ఆరోపణల భాష వద్దు. "దయచేసి మెమొరాండం, పంచనామా కాపీ ఇప్పించగలరు" అని అడిగితే చాలు. షాపులో సీసీ కెమెరా ఉంటే ఆ రోజు ఫుటేజీ పక్కన పెట్టుకోండి, కొన్ని రోజులకు దానంతటదే చెరిగిపోతుంది.

లైసెన్స్ గురించి. నియంత్రణ ఉత్తర్వు 15వ క్లాజు కింద సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు, కానీ మీ వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చాకే. ఆర్డర్ వస్తే 60 రోజుల్లోపు అప్పీలు చేయొచ్చు. మామూలు తనిఖీలో లైసెన్స్ పోయేలా చేసేవి ఏమిటంటే బిల్లు ఇవ్వకపోవడం, బిల్లు మీద లాట్ నంబర్ రాయకపోవడం, స్టాక్, ధరల బోర్డు పెట్టకపోవడం, లైసెన్స్‌లో చూపించని గోదాంలో సరుకు ఉండటం, గడువు తీరిన ప్యాకెట్లు విడిగా పెట్టకుండా అమ్మకపు సరుకులో కలిసి ఉండటం. వీటిలో ఏదైనా మీ దగ్గర ఉందేమో మీరే ముందు చూసుకోండి. కంపెనీ ఇన్‌వాయిస్, ఆథరైజేషన్ లెటర్ ప్రతి లాట్‌కీ ఫైల్‌లో ఉండాలి. సీలు విప్పని కంపెనీ ప్యాకెట్‌లో లోపం ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు మీకు మిగిలేది ఆ ఇన్‌వాయిస్ ఒక్కటే. సంచి విప్పి లూజుగా అమ్మారా, ఇక ఆ వాదన మీకు లేదు.

1968 నియమాల్లో 38వది చాలామంది చూడరు. అమ్మిన ప్రతి లాట్ రికార్డు మూడేళ్లు ఉంచాలి. ఆ రికార్డులో భాగంగా ఉంచే విత్తన శాంపిల్‌ను ఆ లాట్ మొత్తం అమ్ముడుపోయిన ఏడాది తర్వాతే పారేయొచ్చు. పాత బిల్లు బుక్కులు చిత్తుకాగితాల వాడికి వేసేయకండి.

మీ పోస్టు కింద ఒక రైతు సోదరుడు "మరి మా సంగతేంటి" అని అడిగారు, ఆయనకీ ఇక్కడే చెబుతాను. పంట పోయింది విత్తనం వల్లే అని మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, 23-ఏ నియమం ప్రకారం సీడ్ ఇన్‌స్పెక్టర్ మీ దగ్గరున్న ట్యాగులు, ఖాళీ సంచులు, మిగిలిన విత్తనం తీసుకుని, ఆ లాట్ శాంపిల్ ల్యాబుకు పంపి, కారణం విచారించి రిపోర్టు ఇవ్వాలి. ప్రమాణాల కంటే తక్కువని తేలితే అమ్మినవారి మీద కేసు పెట్టాలి. అది ఆయన దయ కాదు, విధి. ఖాళీ సంచీ, ట్యాగూ, బిల్లూ పంట ఇంటికి వచ్చేదాకా దాచండి. గుప్పెడు విత్తనం కూడా మిగల్చండి. మిగల్చకపోయినా నిరాశ పడకండి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు, రైతు తాను నాటిన విత్తనంలోంచి శాంపిల్ దాచి ఉంచాలని ఆశించడం కుదరదని చెప్పి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు వినియోగదారుల ఫోరంలు ఇచ్చిన పరిహారాన్ని నిలబెట్టింది. విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల చట్టం కింద వెళ్లొచ్చని కూడా ఆ తీర్పే తేల్చింది.

శిక్షల విషయంలో మాత్రం నాకు మొదటినుంచీ బాధే. 1966 చట్టంలో మొదటి నేరానికి జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. రెండోసారి ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎకరాలకెకరాలు ముంచినవాడికి 500! అందుకే శాఖలు నిత్యావసర వస్తువుల చట్టం వైపు వెళ్తాయి, అక్కడ మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంది. తెలంగాణలో అయితే పీడీ చట్టంలోకి (ముందస్తు నిర్బంధ చట్టం) విత్తన నేరస్థులను కూడా చేర్చారు, దాని కింద విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించొచ్చు. అది నకిలీ విత్తనాల ముఠాలకు వాడాల్సిన ఆయుధం, ట్యాగు మీద తేదీ లేని డీలరుకి కాదు. ఎవరైనా మిమ్మల్ని దాని పేరు చెప్పి బెదిరిస్తే ఒంటరిగా మాట్లాడకండి, వకీలుని తీసుకెళ్లండి. కొత్త విత్తన బిల్లు ముసాయిదాను కేంద్రం 2025 నవంబరులో ప్రజల ముందు పెట్టింది. అసలు జరిమానాలు పెరగాలన్నది నా గట్టి అభిప్రాయం, దాంతోపాటు శాంపిల్ తీసే పద్ధతి ఇప్పుడున్నంత గట్టిగానే ఉండాలి.

ఇప్పుడు వరసగా మీరు చేయాల్సినవి: రేపు ఉదయం ఏఓ గారికి, పై అధికారులకు ఆ ఉత్తరాలు పోస్టు చేసి రసీదులు దాచుకోండి. ఆ వరి లాట్ విడిగా పేర్చి, "అమ్మకానికి కాదు" అని కాగితం అంటించి ఫోటో తీయండి. కంపెనీకి లాట్ నంబర్ చెప్పి పరీక్ష రిపోర్టు తెప్పించండి. కొత్త బిల్లు బుక్కు తెరిచి, పాతది ఏ తేదీన తీసుకెళ్లారో మొదటి పేజీలో రాసి వ్యాపారం కొనసాగించండి, లైసెన్స్ సస్పెండ్ కానంతవరకు మిగతా స్టాక్ అమ్ముకోవచ్చు. మీ వంతు శాంపిల్ మీకు ఇచ్చారో లేదో మీ పోస్టులో లేదు. అది చెప్పండి. కాగితాలు చేతికొచ్చాక పేర్లు కొట్టేసి ఏ సెక్షన్ రాశారో ఇక్కడ పెడితే, దాన్నిబట్టి అప్పీలు పెట్టాలో అక్కర్లేదో చెబుతాను.